ఊట రంగు

క్వార్టర్స్‌లో ఆయన్ని అందరూ మిల్లీమీటరు అనేవారు. ఎదురుపడితే చివర ‘గారు’ తగిలించేవారు, ఆయన మలుపు తిరగగానే తీసేసేవారు. జలాశయం కట్ట దగ్గర కొలతలు తీసే ఉద్యోగం ఆయనది. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి కట్ట పాదం దగ్గరున్న ఊట కాలువకు వెళ్ళి, నీళ్ళు ఎంత ఎత్తున పారుతున్నాయో చూసి రాసుకురావాలి. ఇరవై ఆరేళ్ళలో ఒక్క పూట తప్పలేదు. పెళ్ళిరోజున కూడా పొద్దుటి కొలత తీసుకొచ్చాకే కొత్త బట్టలు కట్టుకున్నాడని ఆయన తల్లి ఇప్పటికీ చెబుతుంది. అందులో మెచ్చుకోలు ఎంతో, ఎత్తిపొడుపు ఎంతో కోడలికి ఇంతవరకూ తేలలేదు.

ఆ కోడలికి డిగ్రీ ఉంది, రసాయనశాస్త్రంలో. ప్రస్తుతం అది బీరువా పైన పెట్టెలో, చలికాలపు దుప్పట్ల కింద వెచ్చగా ఉంది. వంటింట్లో ఆమె ఏనాడూ చెంచా లెక్క పెట్టి ఎరగదు.

“ఉప్పెంత వేశావు?”

“సరిపడా.”

“సరిపడా అంటే ఎన్ని గ్రాములు?”

“తిని మీరే చెప్పండి.”

ఈ సంభాషణ ఆ ఇంట్లో ఇరవై నాలుగేళ్ళుగా రుచి తగ్గకుండా సాగుతోంది.

అలాంటి మిల్లీమీటరు ఒక ఆదివారం బల్బు మార్చబోయి స్టూలు మీంచి పడ్డాడు. కాలి ఎముక విరిగింది. “నలభై అయిదు సెంటీమీటర్ల ఎత్తు. అంతే. విరగడానికి వీల్లేదు,” అని కట్టు కట్టే డాక్టరుతో వాదించాడు. ఆరు వారాలు కాలు కింద పెట్టకూడదని డాక్టరు అన్నప్పుడు మాత్రం ఆయన మొహం నిజంగానే పాలిపోయింది. కాలువ దగ్గరికి ఎవరు వెళ్ళాలి?

ఎవరు వెళ్ళాలో క్వార్టర్స్‌లో అందరికీ తెలుసు. పై ఆఫీసుకు తప్ప. క్వార్టర్స్‌లో మగాళ్ళకు జ్వరం వస్తే ఆడవాళ్ళే డ్యూటీ చేస్తారు. పంపు ఆపరేటరు భార్య పంపు నడిపింది, స్టోర్‌కీపరు చెల్లెలు మూడు నెలలు స్టోరు చూసింది, సంతకాలు మాత్రం ఆయా మగాళ్ళవే. ఇప్పుడు సంతకాల రోజులు పోయి ఫోను వచ్చింది. కాలువ దగ్గర కొలత చూసి, ఇంటికొచ్చి ఫోనులో అంకె కొట్టి, మిల్లీమీటరు బొటనవేలు దాని మీద పెడితే చాలు. విరిగింది కాలేగానీ వేలు కాదు గదా.

ఆ ఫోను వచ్చి ఆరు నెలలే అయింది. అంతకు ముందు పెద్ద రిజిస్టరు ఉండేది. అందులో అంకెల గళ్ళ పక్కన ‘అభిప్రాయం’ అని ఒక వెడల్పాటి గడి. కొత్తగా వచ్చిన కుర్ర ఇంజినీరు అందర్నీ ఆఫీసు వరండాలో కూర్చోబెట్టి ఆ పాత రిజిస్టర్లు పైకి చదివాడు.

“మిల్లీమీటరు గారికి ముందున్న ఈ పెద్దాయన పదకొండేళ్ళ పాటు ‘బాగున్నాయి’ అని రాశారండీ. రోజుకు మూడుసార్లు. ఆయన రిటైరయ్యాక కూడా రెండు నెలలు అదే చేతిరాతతో ‘బాగున్నాయి’ అని ఉంది. ముందే రాసిపెట్టుకున్నారన్నమాట. గేదె చచ్చి కాలువలో పడిన రోజు కూడా బాగున్నాయట! బాగున్నాయంటే ఎంత బాగున్నాయి? ఎవరికి? మనకి అభిప్రాయాలు వద్దు, అంకెలు కావాలి.”

అందరూ పడీపడీ నవ్వారు. గట్టిగా చప్పట్లు కొట్టింది మిల్లీమీటరే. గడి పోయింది. ఇంజినీరు చెడ్డవాడు కాడు, మర్యాదస్తుడు. చెప్పినదాంట్లో తప్పు పట్టడానికీ ఏమీ లేదు. అందుకే ఎవరూ పట్టలేదు.

మొదటిరోజు ఆమె వెళ్ళేటప్పుడు భర్త కాగితం మీద బొమ్మ గీసి మరీ పాఠం చెప్పాడు. మట్టికట్ట అన్నాక కొంత ఊట ఉంటుంది. చెమట పట్టని మనిషీ, ఊరని కట్టా ఉండవు. ఆ ఊటంతా ఒక చిన్న కాలువలో చేరి, అడ్డంగా నిలబెట్టిన ఇనప రేకులో కోసిన ముక్కోణపు గాటులోంచి అవతలికి దూకుతుంది. గాటు పక్కన స్కేలు ఉంటుంది. వంగి, కన్ను నీటి మట్టానికి ఆనించి చూడాలి. ఎనభై మిల్లీమీటర్ల లోపైతే ఫోనులో పచ్చ గుర్తు. ఎనభై దాటితే ఎర్ర గుర్తు, దానివెంట సైరను.

“నిలబడి చూడకు. రెండు మిల్లీమీటర్లు తేడా వస్తుంది.”

“నా నడుముకు ఎంత తేడా వస్తుందో కూడా చెప్పండి,” అంటూ ఆమె చెప్పులేసుకుంది.

కట్ట కిలోమీటరు పొడవు, ఏడుగురు మనుషుల ఎత్తు, పైనంతా ఎర్ర గులకమట్టి. దాని వెనక, పదకొండేళ్ళ తర్వాత మొదటిసారి నిండిన జలాశయం. దాని ముందు, నాలుగొందల మీటర్ల దూరంలో, రెండు వరసల్లో పదహారు ఇళ్ళు. ఇన్నేళ్ళుగా ఆ ఇళ్ళలోనే ఉన్నా ఆమె కట్టను గోడలాగే చూసింది. గోడ అవతల ఏముందని రోజూ అనుకుంటే కాపురాలు సాగవు.

ఊట నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అడుగున గులకరాళ్ళను లెక్కపెట్టొచ్చు. అరవై నాలుగు. రాళ్ళు కాదు, మిల్లీమీటర్లు.

ఎనిమిది రోజులు అరవై నాలుగు, అరవై మూడు మధ్యే నడిచింది. తొమ్మిదోరోజు పొద్దున ఆమె వంగి చూస్తే అరవై రెండు. లేవబోతూ మళ్ళీ వంగింది. అడుగున రాళ్ళు కనిపించలేదు. పాలగిన్నె కడిగిన నీళ్ళలా మసకగా ఉన్నాయి.

ఇంటికొచ్చి చెప్పింది. “నీళ్ళు తేడాగా ఉన్నాయండీ.”

“ఎంత?”

“అరవై రెండు.”

“నిన్నటికంటే ఒకటి తగ్గింది. మంచిదే గదా.”

“ఎత్తు సంగతి కాదు. మసగ్గా ఉన్నాయి.”

“వానకి పైమట్టి కొట్టుకొచ్చి ఉంటుంది.”

“వాన పడి ఆరు రోజులైంది.”

ఆయన ఫోను ఆమెకేసి తిప్పాడు. అంకె కొట్టే గడి ఒకటి, కింద బొటనవేలి బొమ్మ ఒకటి. “మసకకి ఇందులో చోటెక్కడుందే? ఉంటే నేనే రాద్దును,” అని వేలు పెట్టాడు. పచ్చ గుర్తు వచ్చింది.

మధ్యాహ్నం అరవై. సాయంత్రం యాభై ఎనిమిది. మసక చిక్కబడింది. ఆమె ఇంజినీరుకు ఫోన్ చేసింది.

“ఎంతుందమ్మా?”

“యాభై ఎనిమిది బాబూ. కానీ...”

“హద్దు ఎనభై. తగ్గుతోంది కూడా. కంగారు పడకండి.”

“నీళ్ళు చూస్తే నాకు బాగా అనిపించట్లేదు.”

అవతల చిన్న నవ్వు వినబడింది, ఎగతాళి లేని నవ్వు. “అనిపించడాన్ని నేను పైవాళ్ళకి ఎలా పంపనమ్మా? మసక అంటే ఎంత మసక? ఒక్క అంకె చెప్పండి, ఇప్పుడే పంపిస్తా.”

ఫోను పెట్టేశాక ఆమెకు కాలేజీలో మేడమ్ గుర్తొచ్చింది. రంగు, వాసన, రుచి, స్పర్శ, ఇవి గుణం చెప్పే పరిశీలనలు. పొడవు, బరువు, వేడి, ఇవి పరిమాణం చెప్పే పరిశీలనలు. రెంటికీ తేడా రాయుము, రెండు మార్కులు. ఆమెకు రెంటికి రెండూ వచ్చాయి. ఏది ముందు మాట్లాడుతుందో, ఏది ఆలస్యంగా నోరు విప్పుతుందో మాత్రం ఆ ప్రశ్నలో లేదు.

సరే, అంకె కావాలంటే అంకే ఇద్దామనుకుంది. వంటింట్లో ఒకేలాంటి జామ్ సీసాలు నాలుగుంటే కడిగి తుడిచింది. మర్నాడు పొద్దుటి కొలతతో పాటు ఒక సీసా నిండా ఊట నీళ్ళు తెచ్చి కిటికీలో పెట్టింది. గంట తర్వాత అడుగున మడ్డి తేరింది. భర్త మంచం దగ్గరికి స్కేలుతో సహా తీసుకెళ్ళింది.

“మీరే కొలవండి. నేను కొలిస్తే సరిపడా అంటాను.”

ఆయన సీసాను కంటికి ఆనించి చూశాడు. “రెండు మిల్లీమీటర్లు.”

“గాటులో ఎంతో తెలుసా? యాభై అయిదు.”

మధ్యలో ఆగలేక తొమ్మిదింటికి మళ్ళీ వెళ్ళొచ్చింది. గాటులో యాభై రెండు, సీసాలో నాలుగు. పదకొండింటికి గాటులో నలభై ఏడు, సీసాలో ఏడున్నర. గాటు అంకెలు ఆయన ఫోనులో పంపుతూనే ఉన్నాడు. ఆయన గళ్ళ కాగితం తీసి చుక్కలు పెట్టాడు. ఒక గీత కిందికి దిగుతోంది, ఇంకొకటి పైకి ఎక్కుతోంది. రెండూ ఒకదాన్నొకటి కోసుకున్న చోట ఆయన పెన్సిలు ఆగిపోయింది.

“ఊట తగ్గుతుంటే మట్టి పెరగడమేమిటి?” అన్నాడు తనలో తాను.

మూలన కుర్చీలో అత్తగారు కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి, కళ్ళు రెండూ పొరలు కమ్మి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియదు. చెవులు మాత్రం గోడ అవతల చీమ తుమ్మినా వింటాయి.

“ఏ రంగుందే అమ్మాయ్ ఆ మట్టి?”

కొడుకూ కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మందం కొలవడంలో పడి ఇద్దరూ దాని రంగు ఆలోచించనేలేదు.

“నలుపు అత్తయ్యా,” అంది ఆమె నెమ్మదిగా.

“కట్టంతా ఎర్రమట్టి గదా.”

“ఎర్రమట్టే.”

“ఇటు తే.”

ఆమె పైనీళ్ళు వంచేసి మడ్డి అత్తగారి అరచేతిలో పోసింది. ముసలామె బొటనవేలితో దాన్ని నులిమింది. ఒకసారి, రెండోసారి. ఆమె మొహంలో ముడతలు కదలడం మానేశాయి.

“సబ్బులా జారుతోంది. గులక లేదు.” అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. “ఇది నేను మోసిన మట్టే. ఈ కట్ట కట్టేటప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. పైన ఎర్రమట్టి మగాళ్ళు బళ్ళ మీద తోలారు. కడుపులో పోసే నల్లమట్టి మాత్రం మేం ఆడవాళ్ళమే తట్టలతో నెత్తిన మోసి, కాళ్ళతో తొక్కాం. నీళ్ళని ఆపేది అదే, పైన ఎర్రది ఒట్టి చొక్కా అని మేస్త్రీ చెప్పేవాడు. ఒరేయ్ నాన్నా, ఇది బయటికి రాకూడని మట్టిరా. దీనికి కట్ట నడిబొడ్డులో తప్ప ఎక్కడా చోటు లేదు.”

నీళ్ళు కట్టని లోపల్నుంచి తినేస్తున్నాయన్నమాట, అనుకుంది కోడలు.

పన్నెండు కావస్తుండగా ఇంజినీరుకు మళ్ళీ ఫోన్ చేసింది. మీటింగులో ఉన్నాడు, గుసగుసగా మాట్లాడాడు. “చూశానమ్మా, నలభై ఏడు! మీ సెక్షన్‌నే ఇక్కడ అందరికీ ఉదాహరణగా చూపిస్తున్నాను.”

“బాబూ, నల్లమట్టి వస్తోంది. కట్ట లోపలిది. మా అత్తయ్య చేత్తో పట్టుకుని చెప్పింది.”

“అత్తయ్యగారా?” అన్నాడు. “రేపు పొద్దున్నే వస్తానమ్మా. నేనే స్వయంగా చూస్తాను, సరేనా?”

రేపు అన్న మాట ఆమె చెవిలో మోగింది. మంచం మీద ప్లాస్టరు కాలు. కుర్చీలో ఎనభై ఏళ్ళ గుడ్డితనం. పరిగెత్తమంటే పరిగెత్తలేని ఇద్దరూ ఒకే ఇంట్లో, తన ఇంట్లోనే ఉన్నారు. పన్నెండింటి కొలత చూసొచ్చి ఆమె ఫోను భర్త ఒళ్ళో పెట్టింది.

“ఎనభై దాటిన అంకె కొట్టండి.”

ఆయన తలెత్తి చూశాడు. “గాటులో ఎంతుంది?”

“నలభై నాలుగు, ఇందాకే చూసొచ్చాను. ఆ అంకె కొడితే పచ్చ గుర్తు వస్తుంది, రేపు పొద్దున ఆయన వస్తాడు. అప్పటికి మనం ఉంటామో లేదో నాకు తెలియదు. ఎర్ర గుర్తు వస్తే సైరను మోగుతుంది.”

“దొంగ కొలతా?” అన్నాడాయన. “ఇరవై ఆరేళ్ళలో ఒక్క మిల్లీమీటరు తప్పు రాయలేదే నేను.”

“తెలుసు. అందుకే మీ మాట నమ్ముతారు. నిజం రాసే చోటుంటే నిజమే రాయండి, నేను వద్దంటానా?”

ఆయన నిజంగానే వెతికాడు. తెరను పైకి తోశాడు, కిందికి తోశాడు. గడి మీద వేలు పెట్టి నలుపు అని రాయబోయాడు. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలే లేచాయి, ఒక్క అక్షరం లేదు. ఆయన ఆ పది అంకెల వంక చూశాడు. తర్వాత అలవాటుగా లెక్కలోకి దిగాడు.

“క్వార్టర్స్‌లో మొత్తం ఎంతమంది?”

“మనతో కలిపి అరవై ఒక్కమంది.”

“కొండ మీది పాత బంగళా దాకా అమ్మ నడవాలంటే?”

“మోసుకెళ్తే ఇరవై నిమిషాలు. నడిస్తే తెల్లారుతుంది.”

“కట్ట తెగితే నీళ్ళు ఇక్కడికి రావడానికి...” కాగితం అంచున ఏదో గుణించాడు. జవాబు కింద గీత కొట్టాడు, పైకి చదవలేదు. ఆమె తొంగి చూసింది. రెండు నిమిషాలు.

ఆయన అంకె కొట్టాడు. ఎనభై ఒకటి.

“ఒక్కటేనా ఎక్కువ?” అంది ఆమె.

“అబద్ధమైనా అవసరమైనంతే ఆడాలి,” అని బొటనవేలు ఆనించాడు.

సైరను మోగింది. ఎప్పుడో పరీక్ష కోసం మోగించినప్పుడు వినడమే తప్ప, పట్టపగలు దాని ఊళ ఇలా ఉంటుందని ఎవరికీ తెలియదు. పదహారు తలుపులూ తెరుచుకున్నాయి.

“ఏమైంది వదినా?” అంటూ పంపు ఆపరేటరు భార్య చేతిలో గరిటెతో వచ్చింది. ఆమెకు రేడియో అని పేరు. ఏ సంగతైనా ఆమె చెవిన వేస్తే సైరనుతో పని లేదు.

“కట్ట. బంగళాకి పదండి. పిల్లల్ని ముందు పంపించండి.”

“స్టవ్ మీద పప్పుందే!”

“ఆపేసి రా. మాడినా మళ్ళీ వండుకోవచ్చు.”

“అంకె ఎంతొచ్చింది?” అన్నాడు స్టోర్‌కీపరు అనుమానంగా.

“ఎనభై ఒకటి,” అన్నాడు మిల్లీమీటరు మంచం మీంచి. ఆయన నోట వచ్చాక ఇక ఎవరూ ఎదురు మాట్లాడలేదు. తల్లిని ఒక ప్లాస్టిక్ కుర్చీలో, కొడుకుని ఇంకో దాంట్లో కూర్చోబెట్టి ముందొకరు వెనకొకరు పట్టుకుని మోశారు. బండరాళ్ళ మధ్య తొలిచిన మెట్లు, ఇద్దరు పక్కపక్కన పట్టనంత ఇరుకు. రేడియో వెనకనుంచి గొణుగుతూనే ఎక్కింది. “ఒక్క మిల్లీమీటరుకి ఇంత ఊరేగింపా? గడ్డపు వెంట్రుకంత కూడా ఉండదు.”

పైన బంగళా ముందున్న బండ మీద అందరూ చతికిలబడ్డారు. కింద ఇళ్ళు, వాటి అవతల ఎర్రటి కట్ట, దాని వెనక ఎండకు మెరుస్తూ కదలని నీళ్ళు. ఏమీ జరగలేదు. అరగంట గడిచింది, ఏమీ జరగలేదు. పిల్లలు ఆకలన్నారు. ఎవరో ఆవలించారు. స్టోర్‌కీపరు మిల్లీమీటరుకేసి ఒకసారి, వాచీకేసి ఒకసారి చూశాడు.

అప్పుడు కింద జీపు కనిపించింది. మీటింగు వదిలేసి ఇంజినీరు వచ్చాడు. వచ్చినవాడు కొండకేసి చూడకుండా నేరుగా ఊట కాలువ దగ్గరికి నడిచాడు. ఎర్ర గుర్తు వచ్చిన కొలతను తన కంటితో చూడాలని కాబోలు, బుద్ధిగా రేకు దగ్గర వంగాడు. లేచి నిలబడ్డాడు. మళ్ళీ వంగాడు. ఫోను తీసి ఫోటో తీశాడు. ఏదో కొట్టి వేలు పెట్టాడు.

సైరను మోగాక ముప్పు తప్పితే అందరికీ కబురు పంపే ఏర్పాటు ఉంది. కొండ మీద ఫోన్లన్నీ ఒకేసారి టింగుమన్నాయి. పచ్చ గుర్తు. ఊట కాలువ కొలత: సున్నా. సురక్షితం.

“సున్నా అట!” రేడియో లేచి నిలబడింది. “బొట్టు లేదట! ఏమండీ మిల్లీమీటరు గారూ, ఎనభై ఒకటి అన్నారే?”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

“కాలు విరిగితే కళ్ళు కూడా పోతాయనుకోలేదు,” అని స్టోర్‌కీపరు బట్టలు దులుపుకున్నాడు. అందరూ లేచారు. నవ్వులు మొదలయ్యాయి, తిట్లు మొదలయ్యాయి, పిల్లలు మెట్లకేసి పరిగెత్తారు.

ఆమె మాత్రం ఫోను వంకే చూస్తోంది. సున్నా. ఆరు నెలల్లో, ఆ మాటకొస్తే ఇరవై ఆరేళ్ళలో, ఆ కాలువకు వచ్చిన అన్నిటికంటే అందమైన అంకె. వెనక అంత నీళ్ళు పెట్టుకుని కట్ట ఉన్నట్టుండి ఆరిపోవడమా? ఇన్నాళ్ళూ ఇటు వచ్చిన ఊట ఇప్పుడు ఎటు పోతోంది?

ఒక్క అంగలో వెళ్ళి అత్తగారి కుర్చీ పట్టుకుని ఈడ్చింది. “అత్తయ్యా, మెట్ల మీద అడ్డంగా పెడుతున్నా. లేవకండి.”

“ఎవరు లేస్తారే?” అంది ముసలామె. కుర్చీ మెట్ల మొదట్లో రెండు బండల మధ్య బిరడాలా ఇరుక్కుంది. ఆమె చేతికర్ర అడ్డంగా చాపింది. “కిందికి పోయేవాళ్ళు నా మీంచి దాటి పోండి. నేనేమీ అనుకోను. మీ మీ అమ్మలు ఏమనుకుంటారో మీకే తెలియాలి.”

ఎవరూ దాటలేదు. “ఇదేం గొడవ పెద్దమ్మా,” అని బతిమాలారు, “పొద్దు పోతుంది,” అని విసుక్కున్నారు, “మీ కోడలికి చెప్పండి,” అని రేడియో అరిచింది. అత్తగారు చెవిటిదై కూర్చుంది. ఆమెకు అది కూడా చేతనవునని ఆరోజే తెలిసింది.

కోడలు ఇంజినీరుకు ఫోన్ చేసింది. కింద అతను అగ్గిపుల్లంత కనిపిస్తున్నాడు.

“అమ్మా, మీమీద రిపోర్టు రాయక తప్పదు,” అన్నాడు అతను ముందుగానే. కోపంకంటే బాధ ఎక్కువ ఉంది గొంతులో. “రేకు ఎండిపోయి ఉంది. మిల్లీమీటరు గారిలాంటి మనిషి...”

“ఎండిపోతే ఆ నీళ్ళు ఎక్కడికి పోయాయి బాబూ?”

“ఆగిపోయాయి.”

“ఎవరు ఆపారు? జలాశయంలో ఒక్క చెంబుడు తగ్గిందా? రేకు వదిలెయ్. నీ కాళ్ళ కింద చూడు.”

ఫోనులో గాలి చప్పుడు. తర్వాత బూటు బురదలోంచి లాగినట్టు ఒక చప్పుడు.

“ఇక్కడ నేల మెత్తగా ఉందమ్మా,” అన్నాడు, వేరే ఎవరి గొంతుతోనో. “ఇందాక గట్టిగానే... అమ్మా, లోపల ఏదో వినబడుతోంది. పెద్ద డేగిసాలో నీళ్ళు మరుగుతున్నట్టు.”

“పరిగెత్తు నాయనా. జీపు వద్దు. ఇటు, కొండకి.”

అతను పరిగెత్తాడు. ఆమె జీవితంలో ఎవరూ అలా పరిగెత్తడం చూడలేదు. కట్ట మీద, సరిగ్గా కాలువకు ఎగువన, ఎర్రమట్టి చొక్కా ఒకచోట జేబులా లోపలికి జారింది. చాలా నెమ్మదిగా, చప్పుడు లేకుండా. చుట్టూ ఉన్న మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. రేడియో కూడా ఆగింది. ఆ గుంట వెడల్పవుతుంటే అందులోంచి నల్లగా, మెరుస్తూ, నాలుకలా ఏదో బయటికి వచ్చింది.

“ఏమైందే అమ్మాయ్? ఎందుకు అందరూ ఊరుకున్నారు?” అంది అత్తగారు.

ఎవరూ చెప్పాల్సిన అవసరం లేకుండా చప్పుడే వచ్చింది. కాళ్ళ కింద బండ అదిరింది. జీపు ఒకసారి పక్కకు తిరిగి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, మాయమైంది. మొదటి వరసలో ఇళ్ళ కప్పులు చేతులు వదిలేసిన పిల్లల్లా ఒకదాని వెనక ఒకటి కదిలాయి. మిల్లీమీటరు రెండు చేతులతో కుర్చీ పట్టుకుని చూస్తున్నాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. నిమిషాలు లెక్క పెడుతున్నాడని ఆమెకు తెలుసు.

ఇంజినీరు ఒక బూటుతో, నడుము దాకా నల్లబురదతో, మెట్ల మీద నాలుగు కాళ్ళతో పాకుతూ వచ్చాడు. అత్తగారి కుర్చీ దగ్గరికి వచ్చి దాని కాళ్ళు పట్టుకుని అక్కడే పడిపోయాడు. “ఎవరు బాబూ?” అని ఆమె అతని తల తడిమింది.

అప్పుడు ఎవరో స్త్రీ గొంతు ఒక పేరు పెట్టి పిలిచింది. ఇంకో గొంతు ఇంకో పేరు. ఒక్కసారిగా బండంతా పేర్లతో నిండిపోయింది.

ఆమె బంగళా అరుగెక్కి నిలబడింది. వేలు చాపి తలలు లెక్కపెట్టసాగింది. క్వార్టర్స్‌వాళ్ళు అరవై ఒకరు, ఇంజినీరుతో అరవై రెండు రావాలి. పక్కన కుర్చీలోంచి ఆయన కూడా లెక్కపెడుతున్నాడు, వేళ్ళు ముడుస్తూ. జనం అటూ ఇటూ పరిగెడుతున్నారు, పిల్లల్ని ఎత్తుకుంటున్నారు, దించుతున్నారు. కింద నీళ్ళు ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఆమె ఆగి ఆయన వంక చూసింది.

“ఎంతొచ్చింది?”

“నీకు?”

“అరవై రెండు.”

ఆయన తల అడ్డంగా ఊపాడు. “అరవై ఒకటి.”

ఇద్దరూ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు.